పదకొండింటిలో ఒకటట, కొనమంటారా?

పాత అమెరికన్ కార్ల గురించి ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం "రేర్" అనే మాట చుట్టూనే తిరిగాయి. అరుదు అని మనకి చక్కటి మాట ఉంది గానీ, కారు అమ్మేవాడి నోటికి రేర్ అనే వస్తుంది. ఆ మాట రాగానే రేటు కూడా పెరుగుతుంది. నేను తెనాలి మనిషిని. డెట్రాయిట్ పక్కన ఒక విడిభాగాల కంపెనీలో 31 ఏళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరయ్యాను. కార్ల వ్యాపారం నాకు తెలియదు. భూతద్దం పట్టుకుని చూడటం తెలుసు.

ప్రశ్న: అక్కయ్యగారూ, నమస్తే. మాది కొలంబస్, ఒహాయో. ఇక్కడ 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1 ఒకటి బేరానికొచ్చింది. సిల్వర్ జేడ్ అని, వెండిలో లేత ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు. 351 టూ బ్యారెల్ ఇంజిన్ (351 ఘనపు అంగుళాలది, కార్బరేటర్‌కి రెండు నోళ్లు), ఆటోమేటిక్. అమ్మే పెద్దాయన మార్టీ రిపోర్ట్‌ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. సరిగ్గా ఇలాంటివి 11 మాత్రమే తయారయ్యాయని అందులో ఉంది. అందుకని మామూలు రేటు మీద 12,000 డాలర్లు ఎక్కువ అడుగుతున్నాడు. నిజంగా అంత రేరా? ఇంకో సంగతి. మా పిల్లలకి ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. వాళ్లని వెనక కూర్చోబెట్టుకుని తిరగాలని నా ఆశ. "పదకొండింటిలో ఒకటైతే అద్దాల గదిలో పెట్టుకోవాలి గానీ, ఐస్‌క్రీమ్ చేతులతో పిల్లల్ని ఎక్కిస్తావా" అంటోంది మా ఆవిడ. మీరేమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. మార్టీ రిపోర్ట్ అబద్ధం చెప్పదు. కెవిన్ మార్టీ అనే ఆయన ఫోర్డ్ నుంచి హక్కులు తీసుకుని 1967 మోడల్ దగ్గర్నుంచి వాళ్ల తయారీ రికార్డులు సంపాదించాడు. కారు నంబరు ఇస్తే అది ఏ రంగులో, ఏ ఇంజిన్‌తో, ఏయే ఆప్షన్లతో తయారైందో, ఏ డీలరుకి వెళ్లిందో రాసిస్తాడు. డబ్బిచ్చి తెప్పించుకోవాల్సిన కాగితమే. ఎందుకంటే కారుకి ఇప్పుడున్నవాటిలో ఏవి పుట్టుకతో వచ్చినవో, ఏవి తర్వాత తగిలించినవో దాన్ని చూస్తే తెలిసిపోతుంది.

కానీ ఆ 11 ఎలా వచ్చిందో గమనించండి. 1969లో మాక్ 1లు తయారైనవి 72,458. వాటిలోంచి మీ ఇంజిన్ ఉన్నవి తీశారు. వాటిలోంచి ఆటోమేటిక్‌వి. వాటిలోంచి సిల్వర్ జేడ్. వాటిలోంచి లోపల ఫలానా రంగు సీట్లున్నవి. జల్లెడ మీద జల్లెడ పట్టుకుంటూ పోతే ఎంత పెద్ద బస్తా అయినా చివరికి గుప్పెడే మిగులుతుంది. ఇంకో రెండు జల్లెడలు పడితే "వన్ ఆఫ్ వన్" కూడా అయిపోతుంది. కార్ల షోలలో అద్దం మీద ఆ బోర్డులు బోలెడు కనిపిస్తాయి. ఒకసారి దగ్గరికెళ్లి చదివితే, గడియారం ఉండి, వెనక స్పీకరు లేకుండా, ఆ రంగులో వచ్చింది అదొక్కటేనట! స్పీకరు లేకపోవడం కూడా ఘనతేనన్నమాట.

తెనాలిలో మా అమ్మ చీర కొనడానికి వెళ్తే కొట్లో గుమాస్తా ఇదే పని చేసేవాడు. "ఈ అంచుకి ఈ పల్లూ, ఈ బుటా, ఇదొక్కటే పీసమ్మా, మళ్లీ రాదు" అనేవాడు. అబద్ధమా అంటే కాదు. అచ్చంగా అలాంటిది మళ్లీ రాదు. కానీ అంచు మాత్రం మారిన దాని అక్కచెల్లెళ్లు వెనక బీరువాలో నలభై ఉంటాయి. మా అమ్మ ఆ నలభై వైపు చూసి రేటు చెప్పేది.

ఇదే 11 ఇంకోచోట ఎలా ఉంటుందో చూడండి. 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్‌లు కూడా 11 అని లెక్క. 2014లో సియాటిల్ వేలంలో వాటిలో ఒకదానికి పాట 35 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. అంకె అదే. అయితే అక్కడ 11కి దిగడానికి సీట్ల రంగు, స్పీకరు లెక్కలోకి తీసుకోలేదు. పైకప్పు తీసేయగలిగే ఒళ్లు, 426 హెమీ ఇంజిన్, అంతే. రెండే జల్లెడలు. అప్పట్లో ఆ ఇంజిన్ వేయించుకోవడానికి అయ్యే ఖర్చు, ఇన్సూరెన్స్ భారం చూసి జనం కొనలేదు, అందుకే తక్కువ తయారయ్యాయి. షెవర్లే 1969 కామారో అయితే 2,43,000 పైచిలుకు తయారయ్యాయి. వాటిలో మొత్తం అల్యూమినియంతో పోసిన జెడ్‌ఎల్1 ఇంజిన్ ఉన్నవి 69. అది కూడా ఒక్క జల్లెడే. బానెట్ ఎత్తితే కనిపించే తేడా.

మరి తక్కువ తయారైతే చాలా? అదీ కాదు. అదే 1969లో షెవర్లే వాళ్లే కార్వేర్ అనే కారు ఆఖరి సంవత్సరం చేశారు. ఇంజిన్ వెనక ఉంటుంది, గాలితో చల్లబడుతుంది, ఆరు సిలిండర్లు. రెండో ప్రపంచయుద్ధంలో బి-24 బాంబర్లు తయారైన విల్లో రన్‌లోనే అదీ తయారైంది, మా ఇంటి నుంచి అరగంట దూరం. ఆ ఏడాది మొత్తం 6,000 కార్లు. వాటిలో మోంజా కన్వర్టిబుల్‌లు 521 మాత్రమే. మీ మాక్ 1తో పోలిస్తే నూటికి పైగా రెట్లు అరుదు. అయినా మీ పెద్దాయన అడిగే డబ్బులో చాలా మిగిలేంత తక్కువకే దొరుకుతుంది. ఆ 521కీ గిరాకీ ఉంది గానీ, అడిగేవాళ్లు కూడా ఇంచుమించు 521 మందే. నడపడానికి అది ఎంత హాయి బండో అది వేరే కథ. మా ఆఫీసులో ఒకాయన దగ్గర ఉండేది, వానాకాలం ఆయిల్ వాసన తప్ప దానికి వంక పెట్టలేం.

మాక్ 1లో అందరూ వెతికేది ఏమిటంటే 428 కోబ్రా జెట్ ఇంజిన్. డాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే నంబరులో ఐదో అక్షరం చూడండి. మొదట 9 అంటే 1969. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ, ఎఫ్ అయితే డియర్‌బోర్న్. ఆ తర్వాత 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ, పైకప్పు వెనక దాకా వాలుగా దిగేది. ఐదోది ఇంజిన్. అది క్యూ గానీ ఆర్ గానీ అయితే కోబ్రా జెట్, అప్పుడు నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఆ లెక్క వేరే. మీరు చెప్పినదాన్ని బట్టి మీది హెచ్. అప్పట్లో మాక్ 1 కొంటే మామూలుగా వచ్చే ఇంజిన్ అదే. డోరు మీద రేకులో బాడీ కోడ్ 63సి అని ఉంటే మాక్ 1గానే పుట్టింది. 63ఎ అని ఉంటే మామూలు ఫాస్ట్‌బ్యాక్‌కి తర్వాత చారలు అంటించారని అర్థం.

ఆ రేకు మాట వచ్చింది కాబట్టి నా సిగ్గుచేటు సంగతి చెప్పేస్తాను. 1998 జనవరిలో నేను 1966 మస్టాంగ్ కొన్నాను. అమ్మినతను అది కె కోడ్ అన్నాడు. అంటే 271 హార్స్‌పవర్ 289 ఇంజిన్, ఆ ఏడాది తయారైన 6,07,568 మస్టాంగుల్లో 5,469కి మాత్రమే వచ్చింది. డోరు తెరిచి రేకు చూపించాడు, కె అనే ఉంది. బయట మంచు, గ్యారేజీలో ఒకటే బల్బు, నాకేమో ఒళ్లంతా తొందర. రేకు పట్టుకున్న రివెట్లు తళతళ మెరుస్తున్నాయి. 32 ఏళ్ల కారుకి కొత్త రివెట్లా అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. అనుకుని, నోరు మూసుకుని చెక్కు రాసిచ్చాను. ఆఫీసులో వెంట్రుకవాసి గరుకు ఉందని డబ్బాలకి డబ్బాలు పార్టులు వెనక్కి పంపే మనిషిని నేను!

ఆ మార్చిలో ఎడమ ఫెండర్ పక్కన ఇంజిన్ గదిలో ఇనుము మీద గుద్దిన నంబరు కోసం దళసరి నల్లరంగు గీకాను. ఇంజిన్ కోడ్ ఉండాల్సిన చోట సి ఉంది. అంటే 200 హార్స్‌పవర్, టూ బ్యారెల్, ఊరంతా ఉండే ఇంజిన్. అలాంటి రేకులు ఎవరైనా ఆర్డరు చేసి కొత్తవి చేయించుకోవచ్చని అప్పటికి నాకు తెలియదు. ఇనుము మీద గుద్దింది మార్చడం కష్టం, రేకు మార్చడం రెండు రివెట్ల పని. కె ఇంజిన్‌కి వాల్వులు ఎత్తే ముక్కలు గట్టి ఇనుమువి, సాలిడ్ లిఫ్టర్లంటారు, కాబట్టి ఐడిల్‌లో కుట్టుమిషనులా టకటకమని చప్పుడు చేస్తుంది. నాది బుద్ధిగా గురక పెట్టేది. ఆ చప్పుడు తెలిసినవాళ్లైతే రేకు చూడకుండానే చెప్పేసేవాళ్లు. మా ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

కాబట్టి మీరు వెళ్లేటప్పుడు మూడు వస్తువులు పట్టుకెళ్లండి. ఒక టార్చి, ఒక ఫ్రిజ్ అయస్కాంతం, ఒక బిందెడు నీళ్లు. నీళ్లు ఎందుకంటే, విండ్‌షీల్డ్ కింద గాలి లోపలికి వెళ్లే సందు ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. ఆ రోజుల మస్టాంగులకి అక్కడే తుప్పు మొదలవుతుంది, పైకి ఏమీ కనిపించదు. మీవాళ్లలో ఒకరిని ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోట తల పెట్టి డాష్‌బోర్డు అడుగు చూడమని, మీరు నిదానంగా నీళ్లు పోయండి. నీళ్లు బయటికి కారిపోతే మంచిది. కాళ్ల దగ్గర కార్పెట్ తడిస్తే మాత్రం ఆ 12,000 ఎక్కువ సంగతి తర్వాత, మామూలు రేటులోంచే కొన్ని వేలు తగ్గించమనాలి. అది బాగుచేయాలంటే స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ తొలిచి పైరేకు మొత్తం ఊడదీయాలి. పెద్దాయన నీళ్లు పోయనివ్వకపోతే అది కూడా జవాబే.

అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి చక్రాల పైన వంపుల మీద, డోర్ల కింది అంచుల మీద పెట్టి చూడండి. అంటుకోకుండా జారితే కింద ఇనుము లేదు, పుట్టీ ఉంది. నేనైతే తిరుపతిలో కొన్న వేంకటేశ్వరస్వామి బొమ్మ అయస్కాంతం తీసుకెళ్తాను. అమ్మేవాడి ముందు దేవుణ్ణి పెట్టినట్టూ ఉంటుంది. ఒహాయో, మిషిగన్‌లలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, ఇక్కడే బతికిన 1969 కారు అడుగు శుభ్రంగా ఉందంటే నిజంగా అరుదైన విషయం అది. సిల్వర్ జేడ్ రంగు కాదు.

ఇక పిల్లల సంగతి. కారు గట్టిగా ఉంటే కొనండి, తిప్పండి. కానీ ముందు ఒక పని ఉంది. ఆ కారులో వెనక సీట్లకి నడుముకి కట్టే బెల్టు మాత్రమే ఉంటుంది. పిల్లలకి ఎత్తు కోసం వేసే బూస్టర్ సీటు పెడితే భుజం మీదుగా వచ్చే బెల్టు తప్పనిసరి, ఒక్క నడుం బెల్టుతో బూస్టర్ వాడకూడదు. పిల్ల 4 అడుగుల 9 అంగుళాలు ఎదిగేదాకా బూస్టర్ కావాలంటారు కాబట్టి మీ తొమ్మిదేళ్లవాడికి కూడా బహుశా ఇంకా అవసరమే. పాత మస్టాంగులకి వెనక మూడు కొసల బెల్టులు బిగించే కిట్లు దొరుకుతాయి. తెలిసిన మెకానిక్ చేత, రేకు వెనక గట్టి ఆధారం వేయించి మరీ బిగించమనండి. దానికి బాడీకి రంధ్రాలు పెట్టాలి.

మీ కారు 72,458లో ఒకటి కావడం మీ అదృష్టం అని నేననేది ఇందుకే. అదే జెడ్‌ఎల్1 అయితే డ్రిల్లు పట్టుకున్న మెకానిక్‌కి చేతులు వణుకుతాయి, మీకు నిద్ర పట్టదు. మాక్ 1 హెచ్ కోడ్‌కి రెండు రంధ్రాలు పెడితే ఎవరూ ఏడవరు. పెద్దాయన ఏడుస్తాడేమో, అప్పటికి ఆయన గ్యారేజీలో ఉండదుగా. ఐస్‌క్రీమ్ కారితే సీటు కవరు కొత్తది దొరుకుతుంది, ఆ కారుకి దొరకని పార్టంటూ దాదాపు లేదు.

టైర్లు చూడటం మర్చిపోకండి. పక్కగోడ మీద డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2309 అంటే 2009లో 23వ వారం. అరుగుదల లేకపోయినా పదేళ్లు దాటితే మార్చేయండి, స్టెప్నీతో సహా. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి కారతాయి, అవీ మార్చాలి. ఇంజిన్ ఆయిల్ జింక్ ఎక్కువున్నది పోయాలి. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు ఉన్నాయో లేదో మార్టీ రిపోర్ట్‌లోనే ఉంటుంది. డ్రమ్ములే అయితే మీ ఇప్పటి కారులా ఆగుతుందనుకుని ఎవరి వెనకా దగ్గరగా వెళ్లకండి. ఇన్సూరెన్స్ మాత్రం "అగ్రీడ్ వాల్యూ" పాలసీయే తీసుకోండి. అంటే ముందే మీరూ కంపెనీ వాళ్లూ ఒక ధరకి ఒప్పుకుంటారు, రేపు ఏదైనా అయితే పాత కారు కదా అని తరుగు తీయరు.

ధర నన్నడిగితే, నీళ్ల పరీక్ష నెగ్గితే మామూలు రేటు ఇవ్వండి. ఆ రంగు మీ కంటికి నచ్చితే ఇంకో వెయ్యో, పదిహేను వందలో. ఆ ఫ్రేము కట్టిన కాగితం కారుతోపాటు ఇవ్వమనండి.

ప్రశ్న: పిన్నిగారూ, మేము హ్యూస్టన్‌లో ఉంటాం. మా నాన్నగారి దగ్గర 1976 క్యాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్ ఉంది, ఎర్రది. ఆయన 1979లో, "అమెరికాలో ఆఖరి కన్వర్టిబుల్" అని కొత్త ధర కంటే ఎక్కువ పెట్టి కొన్నారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ తీయలేదు. ఆయనకి 78 ఏళ్లు. కంపెనీ చిట్టచివర ఒకేలా 200 చేసిందట, ఇది ఆ ఆఖరి 200లో ఒకటేనా? అమ్మితే ఎంతొస్తుంది?

జవాబు: అమ్మాయ్, ఎర్రదన్నావు కాబట్టి ఆ 200లో లేదు. అవి పైనుంచి కింద దాకా తెల్లవి. తెల్ల పైకప్పు, తెల్ల చక్రాలు, తెల్ల తోలు సీట్లకి ఎర్ర అంచు, బానెట్ మీద ఎరుపు నీలం గీతలు. అమెరికా రెండొందలేళ్ల పండగ కదా ఆ ఏడాది. ఆ ఏడు ఎల్డొరాడో కన్వర్టిబుల్‌లు మొత్తం 14,000 తయారయ్యాయి. కొత్తది 11,000 డాలర్ల చిల్లర. ఇక మళ్లీ చేయరన్నారని జనం ఎగబడి కొని దాచారు, రేట్లు రెట్టింపు దాకా వెళ్లాయి. తీరా 1982లో క్రైస్లర్ వాళ్లు కన్వర్టిబుల్ తెచ్చారు, 1984 మోడల్‌కి క్యాడిలాక్ వాళ్లే మళ్లీ ఎల్డొరాడో కన్వర్టిబుల్ తెచ్చారు. దాచుకున్నవాళ్లు కోపంతో కోర్టుకి కూడా వెళ్లారు. పైగా అందరూ జాగ్రత్తగా దాచడం వల్ల, తక్కువ తిరిగిన 1976 ఎల్డొరాడోలు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

అమ్మకం మాట పక్కన పెట్టు. ఆ 8.2 లీటర్ల ఇంజిన్‌ని అన్నేళ్ల తర్వాత నేరుగా తాళం తిప్పి స్టార్ట్ చేయొద్దు. ట్యాంకులో పాత పెట్రోల్ తీయించి, బ్రేక్ ఆయిల్, గొట్టాలు, టైర్లు మార్పించు. బంపరుకీ బాడీకీ మధ్య ఉండే ప్లాస్టిక్ ముక్కలు బిస్కట్‌లా విరుగుతాయి, అన్ని క్యాడిలాక్‌లకీ అంతే, కంగారుపడకు. ప్లాస్టిక్ కవర్లు నువ్వు చింపకు, ఆయన్నే చింపమను. పైకప్పు దించి గాల్వెస్టన్ సముద్రం దాకా తీసుకెళ్లు. ఆయన నడపగలిగితే ఆయన్నే నడపనివ్వు.

ప్రశ్న: మేడమ్, విజయవాడ నుంచి రాస్తున్నాను. మా తాతగారి 1954 ప్లిమత్ షెడ్డులో ఉంది. బొంబాయిలో తయారైందంటారు. మరి ఇది అమెరికన్ క్లాసిక్ కిందకి వస్తుందా, రాదా? వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించవచ్చా? 70లలో దానికి డీజిల్ ఇంజిన్ పెట్టించారు.

జవాబు: బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1947 నుంచి క్రైస్లర్ లైసెన్సు మీద ప్లిమత్, డాడ్జ్, డిసోటో కార్లు కట్టారు. స్టీరింగ్ కుడివైపు పెట్టి, అమెరికా పార్టులతో. ఒకే ఒళ్లుకి ముందు గ్రిల్లు మార్చి మూడు పేర్లు పెట్టేవాళ్లు. కాబట్టి తాతగారి ప్లిమత్, పక్కింటివాళ్ల డాడ్జ్ కింగ్స్‌వే కవల పిల్లలనుకోండి. అమెరికాలో వాళ్లు చూస్తే కుడి స్టీరింగ్ ప్లిమత్‌ని వింతగా చూస్తారు, అంతకుమించి డబ్బు పెట్టరు. మన దేశంలోనే దానికి విలువ. మా మావయ్య రైస్‌మిల్లుకి అదే కంపెనీ ఫార్గో లారీ ఉండేది, దాని హారన్ విని మేము బడి నుంచి ఇంటికొచ్చే టైమ్ చెప్పేవాళ్లం.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. కొత్తగా చేయించుకుంటే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ 5,000. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రోజూ వాడుకోవడానికి, కిరాయికి తిప్పడానికి వీల్లేదు. షోలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి తీసుకెళ్లవచ్చు.

మీ చిక్కు డీజిల్ ఇంజిన్ దగ్గరే ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అని ఆ నిబంధనలోనే ఉంది. ఆ రోజుల్లో పెట్రోల్ ఖర్చు భరించలేక చాలామంది డీజిల్ పెట్టించారు, తాతగారిది తప్పు కాదు. షెడ్డులో మూలన వెతకండి. పాత ఇంజిన్‌ని అమ్మకుండా గోనెసంచి కప్పి వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్, ఇనుప దుంగలా ఉంటుంది. దొరికితే దాని మీద నంబరు ఆర్‌సీ పుస్తకంలో నంబరుతో పోల్చి, ఆ తర్వాతే ఆర్‌టీఏ ఆఫీసుకి వెళ్లండి. దొరక్కపోయినా అలాంటి ఇంజిన్లు ట్రక్కుల్లో, ఫోర్క్‌లిఫ్టుల్లో చాలాకాలం వాడారు, అమెరికాలో పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. ఒక్క మాట గుర్తుంచుకోండి, 1954 ప్లిమత్‌కి కరెంటు ఆరు వోల్టులది. మీ మెకానిక్ పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బల్బులు అన్నీ ఒకేసారి మాడిపోతాయి.

ప్రశ్న: ఆంటీ, నాకు 12 ఏళ్లు. మీరు చూసిన కార్లలో అన్నిటికన్నా రేర్ ఏది? అందులో కూర్చున్నారా?

జవాబు: బంగారూ, టక్కర్ 48. ప్రెస్టన్ టక్కర్ అనే ఆయన షికాగోలో మొదలుపెట్టాడు, మొదటి నమూనాతో కలిపి 51 తయారవగానే కంపెనీ ఆగిపోయింది. ముఖం మధ్యలో మూడో లైటు ఉంటుంది, స్టీరింగ్ తిప్పితే అది కూడా తిరుగుతుంది, రాత్రి మలుపులో ఏముందో చూడటానికి. హెలికాప్టర్ ఇంజిన్‌ని మార్చి వెనక పెట్టారు. డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఒకటుంది. నేను దాని ముందు గంటసేపు నిలబడ్డాను. తాడు కట్టి ఉంటుంది, కూర్చోనివ్వరు.

నా 1966 మస్టాంగ్‌లో అయితే కూర్చోవచ్చు. కె అని చెప్పి అంటగట్టిన సి కోడ్ బండి, ఇంకా నా దగ్గరే ఉంది. నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి ముందు దానికి వాహన పూజ చేయించిన రోజు పంతులుగారు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "ఇది నాకంటే పెద్దదమ్మా" అన్నారు. మా మిషిగన్‌లో హిస్టారిక్ ప్లేటున్న పాత బండ్లకి షోలు, పరేడ్లు తప్ప వేరే తిరుగుళ్లు కుదరవు, కానీ ఆగస్టు నెలకి మాత్రం చట్టంలోనే వెసులుబాటు ఇచ్చారు. అందుకని ఆగస్టంతా కూరగాయలకి కూడా దాంట్లోనే వెళ్తాను. మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్. ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగుచేయడానికని 1995లో మొదలైంది, ఇప్పుడు పాంటియాక్ దాకా రోడ్డంతా పాత కార్లే. రాయల్ ఓక్ దగ్గర తెల్ల మస్టాంగ్, కుంకుమ బొట్టు ఇంకా బానెట్ మీద ఉంటుంది, పక్కన మడత కుర్చీలో నేను ఉంటాను. అమ్మానాన్నల్ని తీసుకురా. డిక్కీలో ఇడ్లీలు, అల్లప్పచ్చడి ఉంటాయి. చేతులు కడుక్కోకుండానే ఎక్కొచ్చు.